మూడు బిళ్ళగన్నేరు ఆకులు

మా మామయ్యగారు భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి క్వేకర్స్ హిల్ వచ్చి మూడు రోజులు కూడా కాలేదు. పొద్దున్నే కాఫీ కప్పుతో వెనక తలుపు తీస్తే, గోడవార కుండీ దగ్గర వంగుని ఏదో కోస్తూ కనిపించారు. పూజకి పూలేమో అనుకున్నాను. కాదు, ఆకులు. లెక్కపెట్టి మూడు ఆకులు కోసి, కుళాయి కింద కడిగి, నోట్లో వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నమిలారు. ఆ మొహం చూస్తే వేపాకు కూడా తియ్యగా ఉంటుందేమో అనిపించింది.

"ఏంటండీ మామయ్యగారూ అది?"

"షుగరుకమ్మా. బిళ్ళగన్నేరు. ఇక్కడ కూడా దొరుకుతుందనుకోలేదు సుమా! అక్కడ మా వీధిలో అందరం తింటున్నాం."

నిజం చెప్పొద్దూ, ముందు నాకు బాధేసింది మొక్క కోసమే. మన ఊళ్ళో ప్రహరీగోడ పగుల్లోంచి కూడా మొలుచుకొచ్చే మొక్కని ఇక్కడ అక్టోబరు నెలలో నర్సరీకి వెళ్ళి, ఆరు మొక్కల ట్రే డాలర్లు పోసి కొనుక్కుంటాం. దాని మీద 'వింకా' అని చీటీ ఉంటుంది. ఆరింటిలో రెండు నేలలో పెట్టి చంపాను, రెండు నీళ్ళు ఎక్కువ పోసి చంపాను. మిగిలిన రెండూ కుండీల్లో పెరిగి, ఇప్పుడిప్పుడే గుబురు కడుతున్నాయి. రోజుకి మూడాకులు చొప్పున మామయ్యగారి వీసా ఉన్నన్నాళ్ళూ కోస్తే మిగిలేది పుల్లే.

ఆ తరవాత భయం వేసింది. ఈ మొక్కకి కాన్సరు మందుతో ఏదో సంబంధం ఉందని లీలగా గుర్తు. మధుమేహానికి ఈ ఆకు మంచిదని మామయ్యగారికి చెప్పినదెవరు? వాట్సాపు. వాట్సాపుకి చెప్పినదెవరు? అలా వెనక్కి పోతూ చదివాను. ఆ మూడాకుల వెనక ఇంత ప్రయాణం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ముందుగా చెప్పాల్సింది, ఇది మన మొక్క కాదు. చిన్నప్పటి నుంచీ చూసినది కాబట్టి మనదే అనుకుంటాం. హిందీవాళ్ళు సదాబహార్ అంటారు, మరాఠీవాళ్ళు సదాఫులీ, బెంగాలీవాళ్ళు నయనతార. అరవవాళ్ళయితే రెండు పేర్లు పెట్టారు. ఇంటి ముందు ఉంటే నిత్యకల్యాణి, వల్లకాట్లో ఉంటే 'సుడుకాట్టు మల్లి', అంటే శ్మశానపు మల్లె. ఇన్ని పేర్లున్నా దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. ఈ ప్రజాతిలో ఎనిమిది జాతులుంటే ఏడు ఆ దీవికే చెందినవి. ఎనిమిదోది మాత్రం అచ్చంగా మన ఉపఖండానిది. చేలగట్ల మీద జానెడెత్తు మొలిచి, చిన్న తెల్ల పూలు పూసి, ఎవరి కంటా పడకుండా ఎండిపోయే కలుపు మొక్క అది. చుట్టపుచూపుగా వచ్చిన పెద్ద పూల మొక్క ఇంటిపిల్ల అయిపోయింది. ఇంటిపిల్ల గట్టు మీదే ఉండిపోయింది. పరాయి దేశాల్లో కాపురం పెట్టిన మాబోటివాళ్ళకి ఈ సంగతి నవ్వూ తెప్పిస్తుంది, కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

తెలుగు పేరు పెట్టినవాళ్ళని మాత్రం మెచ్చుకోవాలి. పువ్వు బిళ్ళలా చదునుగా ఉంటుంది, ఆకు గన్నేరు వాటంలో ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. వృక్షశాస్త్రజ్ఞులు కూడా దీన్ని గన్నేరు కుటుంబంలోనే చేర్చారు. ఐరోపావాళ్ళకి అంత తొందరగా తెలియలేదు. మడగాస్కర్ నుంచి గింజలు పారిస్‌లోని రాజుగారి తోటకి వెళ్ళాయి. అక్కణ్ణుంచి లండన్‌లో చెల్సీ మందుమొక్కల తోటకి చేరాయి. ఆ తోట పెద్ద ఫిలిప్ మిల్లర్ పెంచి, 1757లో బొమ్మ వేయించి ప్రచురించాడు. 1759లో లిన్నేయస్ తమ చలిదేశపు పాకుడు మొక్క 'వింకా'కి చుట్టం అనుకుని 'వింకా రోజియా' అని పేరు పెట్టాడు. జార్జి డాన్ అనే ఆయన 1837లో దాన్ని విడదీసి 'కాథరాంథస్ రోజియస్' అన్నాడు. గ్రీకులో 'నిర్మలమైన పువ్వు' అని అర్థం. అది జరిగి నూట ఎనభై ఏళ్ళు దాటినా మా నర్సరీ చీటీ మీద ఇంకా 'వింకా' అనే ఉంది.

అందం కోసం తోటల్లోకి వచ్చిన మొక్క గోడ దూకింది. వేడి దేశాల రేవు పట్టణాలన్నిటిలో నాటుకుంది. దీన్ని మేక తినదు, గేదె తినదు. నీళ్ళు లేకపోయినా బతుకుతుంది. ఇసకలో, ఉప్పుగాలిలో కూడా ఏడాది పొడుగునా పూస్తుంది. శ్మశానాల్లో ఇది ఎక్కువగా కనపడడానికి కారణం దయ్యాలు కావు, తినే పశువు లేకపోవడం. పశువు ముట్టని ఆకుని మనిషి మందనుకోవడం వింతేమీ కాదు. పశువు ముట్టదంటేనే అందులో ఏదో ఉందన్నమాట.

1921కి ముందు మధుమేహం అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి ఊహకందదు. పిల్లలకి వస్తే నెలల్లో పోయేవారు. అప్పటి వైద్యం కడుపు మాడ్చడం. అలాంటప్పుడు చేదాకు కషాయం ఏదైనా సరే ఆశే. దక్షిణాఫ్రికాలో, ఫిలిప్పీన్స్‌లో, వెస్టిండీస్‌లో, మా ఎగువనే ఉన్న క్వీన్స్‌లాండ్‌లో కూడా ఈ ఆకు కషాయం షుగరుకి తాగేవారు. ఇంగ్లండులో దీన్నే సీసాలో పోసి 'విన్కులిన్' అని పేరు పెట్టి అమ్మారు. ఇన్సులిన్‌తో ప్రాస కుదిరిందిగా! రెండో ప్రపంచయుద్ధంలో ఇన్సులిన్ దొరకనప్పుడు ఫిలిప్పీన్స్‌లో ఈ ఆకే వాడారని చెప్పుకునేవారు. అంటే మామయ్యగారి మూడాకుల వెనక వాట్సాపు ఒక్కటే లేదు, సముద్రాలు దాటిన నూరేళ్ళ నమ్మకం ఉంది.

ఆ నమ్మకం ప్రయోగశాల గుమ్మం ఎక్కిన తీరు మరీ తమాషాగా ఉంటుంది. 1921 వేసవిలో కెనడాలోని టొరంటోలో బాంటింగ్ ఇన్సులిన్ ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు ఇద్దరు కుర్రాళ్ళని సహాయానికి ఇచ్చారు. ఎవరు ముందు చేరాలో తేల్చుకోడానికి బొమ్మా బొరుసూ వేశారు. చార్లెస్ బెస్ట్ గెలిచాడు, ఇన్సులిన్ చరిత్రలో బాంటింగ్ పక్కన నిలిచిపోయాడు. ఓడినవాడి పేరు క్లార్క్ నోబుల్. ముప్ఫై ఏళ్ళ తరవాత, 1952లో, డాక్టరుగా పనిచేసి పెద్దవాడైన ఆ క్లార్క్‌కి జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. లోపల పాతిక బిళ్ళగన్నేరు ఆకులు. ఇక్కడివాళ్ళు షుగరుకి దీని కషాయం తాగుతున్నారు, పరీక్షించి చూడండి అని. ఆయన ఆ కవరుని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపాడు.

రాబర్ట్ కషాయం కాచి ఎలకల చేత తాగించాడు. రక్తంలో చక్కెర కదల్లేదు. ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవారు. ఆయన రసాన్ని సూదిలో ఎక్కించి చూశాడు. చక్కెర అప్పుడూ తగ్గలేదు గానీ, వారం తిరక్కుండా ఎలకలు చచ్చిపోయాయి. ఒళ్ళంతా చీముగడ్డలు. కోసి చూస్తే మామూలుగా ఒంట్లో అణిగి ఉండే సూక్ష్మజీవులే చెలరేగి చంపాయని తేలింది. ఎందుకు చెలరేగాయి? వాటిని అదుపులో ఉంచే తెల్లకణాలు లేవు. ఎముకలోని మూలుగ ఖాళీ అయిపోయింది.

తెల్లకణాలని మింగేసే రసం. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు లుకేమియా. ఈ రెండు వాక్యాలని పక్కపక్కన పెట్టడమే రాబర్ట్ నోబుల్ చేసిన గొప్ప పని. 1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వచ్చి చేరాడు. బోలెడంత ఆకులోంచి పిసరంత పదార్థాన్ని విడదీశాడు. అదే విన్‌బ్లాస్టిన్. 1958లో న్యూయార్కులో ఒక సభలో దాన్ని ప్రకటిస్తే, అమెరికా మందుల కంపెనీ ఎలై లిల్లీ పరిశోధకులు కూడా ఇదే మొక్క మీద పనిచేస్తున్నట్టు తేలింది. వాళ్ళూ మొదలెట్టింది షుగరు కోసమే! వాళ్ళు ఆకురసం ఇస్తే లుకేమియా ఉన్న ఎలకలు ఎక్కువకాలం బతికాయి. ఇద్దరూ చేతులు కలిపారు. ఆ కంపెనీలో గార్డన్ స్వబోడా బృందం ఇదే ఆకులోంచి రెండో మందు విన్‌క్రిస్టిన్ తీసింది. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

ఈ మందులు చేసే పని తేలికగా చెప్పొచ్చు. ఒక కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి దారాల్లాంటివి అల్లుకుని జన్యుపదార్థాన్ని అటు సగం ఇటు సగం లాగుతాయి. ఈ మందు ఆ దారాల్ని అల్లుకోనివ్వదు. కణం చీలలేక చస్తుంది. ఎక్కువగా చీలేవి కాన్సరు కణాలు కాబట్టి ముందు అవి పోతాయి. కానీ మన నరాల్లోనూ అలాంటి దారాలే ఉన్నాయి. అందుకే విన్‌క్రిస్టిన్ తీసుకునేవాళ్ళకి కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. మందు రక్తనాళంలోకే ఎక్కాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం దక్కడం కష్టం.

ఇక్కడ మామయ్యగారి ఊరు కథలోకొస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి వేరే చెప్పక్కర్లేదు. మద్రాసులో వైద్యం చదివి, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో అమెరికా వెళ్ళిన మనిషి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచెయ్యడంతో బాటు, దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలు కూడా తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకి ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. అంతకు ముందు ఆ జబ్బుకి అదీ లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు.

తాత్కాలికంగా తగ్గినది మళ్ళీ తిరగబెట్టేది. 1960ల మొదట్లో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో ఫ్రై, ఫ్రైరైక్ అనే ఇద్దరు డాక్టర్లు, ఒక్కొక్క మందు కాదు, నాలుగూ కలిపి ఒకేసారి ఇద్దామన్నారు. అంత విషం పసిపిల్లలకా అని తోటివాళ్ళే మండిపడ్డారు. ఆ వైద్యానికి 'వాంప్' అని పేరు. అందులో మొదటి అక్షరం విన్‌క్రిస్టిన్, బిళ్ళగన్నేరాకు. రెండోది అమెథాప్టెరిన్, అంటే ఇప్పటి మెథోట్రెక్సేట్, సుబ్బారావుగారి బృందం చేసిన మందుల కుటుంబంలోది. మిగతా రెండూ 6-మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్. అంతకు ముందు లుకేమియా వచ్చిన పిల్లల్లో పదోవంతు కూడా దక్కేవారు కాదు. ఈ రోజు మంచి వైద్యం అందే దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఆ దారి అక్కడ మొదలయింది.

ఇదంతా ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "సుబ్బారావుగారి మందూ, మన గోడ మీది మొక్కా ఒకే సీసాలోనా?" అన్నారు మామయ్యగారు. ఒకే సీసాలో కాదు, ఒకే పిల్లవాడి ఒంట్లో అన్నాను. కాసేపు మాట్లాడలేదు ఆయన. ఇక ఆకులు మానేస్తారనుకున్నాను. తెల్లారి చూస్తే మళ్ళీ కుండీ దగ్గరే! "అది సూదికమ్మా. ఇది నోటికి. ఆ కెనడా ఆయనే తాగిస్తే చావలేదన్నాడుగా ఎలకలు."

సరిగ్గానే పట్టుకున్నారు. అంతటితో ఊరుకోలేదు. మా వారి చేత కంప్యూటర్లో వెతికించి, మన విశాఖపట్నం ఆంధ్రా విశ్వవిద్యాలయం ఔషధశాస్త్ర విభాగంవాళ్ళే ఈ ఆకు మీద 2003లో వ్యాసం రాశారని నా ముందు పెట్టారు. చదివాను. నిజమే. తాజా ఆకుల రసం తాగించిన కుందేళ్ళలో రక్తంలో చక్కెర తగ్గిందని ఉంది. కెనడా ఎలకల్లో తగ్గనిది విశాఖ కుందేళ్ళలో తగ్గింది. కాబట్టి ఈ నమ్మకం ఉత్త మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యడానికి లేదు, నేను కొట్టిపారెయ్యను కూడా. కానీ కుందేలు నుంచి మనిషికి చాలా దూరం ఉంది. మనిషికి ఎన్ని ఆకులు, ఎన్నాళ్ళు, ఏ మాత్రలతో కలిస్తే ఏమవుతుంది అని నిలబడే పరీక్ష ఏదీ జరగలేదు. ఆ మొక్కలో నూరుకి పైగా ఆల్కలాయిడ్లున్నాయి, వేరులో అజ్మలిసిన్ దండిగా ఉంది. రక్తప్రసరణ మీద పనిచేసే పదార్థమది. సర్పగంధలోనూ ఉంటుంది, హకీం అజ్మల్ ఖాన్ గారి పేరు మీదుగా వచ్చిన పేరు. ఎండకాసిన కొమ్మలో ఉన్నంత నీడకొమ్మలో ఉండదు. మెట్‌ఫార్మిన్ మాత్ర మీద మిల్లీగ్రాములు రాసి ఉంటాయి, ఆకు మీద ఎవరు రాశారు? పైగా షుగరువాళ్ళకి పాదాలు ఎలాగూ తిమ్మిరెక్కుతాయి. నరాలని తినే మందున్న ఆకుని వాళ్ళే వెతుక్కుని తినడం నాకు మింగుడుపడలేదు.

"అయితే కుందేలునై పుట్టి ఉంటే బాగుండేది" అన్నారు మామయ్యగారు. మా ఫ్యామిలీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "ఎన్నాళ్ళ నుంచి తింటున్నారు?" అని రాసుకుని, తెల్లకణాల లెక్కతో సహా రక్తపరీక్ష రాసింది. ఆ ఒక్క మాటకే ఆయన ఒకింత జంకారు. లెక్క మామూలుగానే వచ్చింది లెండి. కానీ ఆ వారం రోజులూ ఆయన కుండీ వైపు వెళ్ళలేదు.

ఇంకో సంగతి ఉంది, అది నన్ను ఇప్పటికీ వదలదు. ఒక్క గ్రాము మందు తియ్యడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఆ ఆకు ఎక్కణ్ణుంచి వచ్చింది? మడగాస్కర్ నుంచీ, మన దేశం నుంచీ. తమిళనాడు మెట్టభూముల్లో రైతులు ఎకరాలకెకరాలు వేసి, ఆకు ఎండబెట్టి, బస్తాలకెత్తి ఓడెక్కించారు. మందుగా మారి తిరిగొచ్చినప్పుడు దాని ధర మన ఆసుపత్రుల్లో బీదవాడికి అందేది కాదు. 1980ల్లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల, సిప్లా కంపెనీ కలిసి ఈ రెండు మందుల్నీ మన దేశంలోనే తయారుచేసే పద్ధతి పట్టుకున్నాక గానీ ఆ చుట్టుదారి తప్పలేదు. లక్నోలోని సీమ్యాప్ సంస్థ 'నిర్మల్', 'ధవళ్' అని తెల్లపూల రకాలు తీసి రైతుకిచ్చింది. పుట్టింటికి, అంటే మడగాస్కర్‌కి, లాభంలో దక్కిన వాటా ఏమీ లేదు. జీవవైవిధ్య ఒప్పందం వచ్చింది 1992లో, మన చట్టం వచ్చింది 2002లో. అప్పటికి ఈ మందుల వయసు మూడు, నాలుగు పదులు దాటింది. నాకైతే మడగాస్కర్‌కి బాకీ ఉన్నట్టే అనిపిస్తుంది. పాతిక ఆకులు కవర్లో పెట్టిన జమైకాకీ బాకీయే. ఎవరు తీర్చాలి, ఎవరికి తీర్చాలి అంటే మాత్రం నోట మాట రాదు.

బాకీ సంగతి అలా ఉండగా, 2019లో అమెరికాలో విన్‌క్రిస్టిన్‌కే కరువొచ్చింది. ఇద్దరు తయారీదారుల్లో ఒకరు మానేశారు, రెండోవారికి సరుకు చాల్లేదు. పిల్లల తలిదండ్రులు అల్లాడిపోయారు. ఆ కరువు తరవాత, ఆకుతో పని లేకుండా చేసే దారి మీద జనం దృష్టి పడింది. మొక్క తన లోపల ఈ మందుని ముప్ఫైకి పైగా మెట్లలో వండుకుంటుంది. ఆ వంటలో చివరి మెట్లు 2018లో తెలిశాయి. 2022లో ఆ వంటంతా రొట్టెలు పొంగించే ఈస్టుకి నేర్పి, విన్‌బ్లాస్టిన్‌లోని రెండు ముక్కల్నీ దాని చేత చేయించారు. ఇక రేపో మాపో తమిళనాడు రైతు బస్తాకి గిరాకీ తగ్గుతుంది కాబోలు.

సరే, పెంపకం సంగతి. మన దగ్గర దీన్ని పెంచడం అనే మాటే లేదు, దానంతటది పెరుగుతుంది. ఇక్కడ నేర్చుకోవాలి. క్వేకర్స్ హిల్ మట్టి బంకమన్ను. వానొస్తే రెండు రోజులు నీళ్ళు దిగవు. బిళ్ళగన్నేరు వేరుకి అది మృత్యువు, మొదలు కుళ్ళి ఒక్క పూటలో వాలిపోతుంది. అందుకని నేలలో వద్దు. కుండీలో సగానికి సగం ఇసక కలిపి పెట్టాలి. పై రెండంగుళాలు పొడిబారితే గానీ నీళ్ళు పొయ్యకూడదు, పోసినా ఆకు మీద కాదు, మొదట్లో. ఎండకి భయపడక్కర్లేదు. 2020 జనవరి 4న మాకు పడమటనున్న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు కాసినప్పుడు గులాబీలు మాడిపోయాయి గానీ, ఇది పూస్తూనే ఉంది. దీన్ని చంపేది చలి. జూన్, జూలైల్లో ఇక్కడ తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అందుకే నర్సరీవాళ్ళు ఏడాది మొక్క అని అమ్మి చేతులు దులుపుకుంటారు. నిజానికి ఇది బహువార్షికం. మే నెల రాకముందే కుండీని ఉత్తరం గోడకి చేర్చాలి. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరాన ఉంటాడన్న సంగతి ఒంటికి పట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మొదటి శీతాకాలం మన అలవాటు కొద్దీ దక్షిణం వైపు వెచ్చగా ఉంటుందని పెట్టి చంపుకున్నాను. గింజలు సెప్టెంబరులో వెయ్యాలి, పైన మన్ను కప్పాలి. వెలుతురు తగిలితే మొలవవు.

పువ్వులు ఉన్నట్టుండి ఆకుపచ్చగా, ఆకులు బుల్లిబుల్లిగా వస్తుంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాలి. నువ్వుచేలో వచ్చే వెర్రితెగులు కుటుంబమే అది, దీపపు పురుగులు మోసుకొస్తాయి. ఆ జాతి తెగుళ్ళని చదువుకునే శాస్త్రజ్ఞులు వాటిని బతికించుకునేది కూడా బిళ్ళగన్నేరు మొక్క మీదేనట. ఎవరికి కావలసింది వాళ్ళకి ఇస్తోంది.

అన్నట్టు మా ఊరి పేరు. క్వేకర్లంటే పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. దరుగ్ ప్రజల నేల మీద వాళ్ళ పేరు నిలిచిపోయింది. ఆ శాఖవాళ్ళకి మొక్కల పిచ్చి మెండు. జేమ్స్ బాక్‌హౌస్ అనే క్వేకరు, యార్కులో నర్సరీ యజమాని, 1832 నుంచి 1838 దాకా ఆస్ట్రేలియా అంతా కాలినడకన, గుర్రాల మీద తిరిగి ఖైదీల బాధలూ, మొక్కల వివరాలూ ఒకే పుస్తకంలో రాసుకున్నాడు. నిమ్మవాసన వేసే ఇక్కడి 'లెమన్ మర్టిల్' చెట్టు శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. ఇక్కణ్ణుంచి తిరిగి వెళ్తూ ఆయన ఆగిన దీవి మారిషస్, మడగాస్కర్‌కి పక్కనే.

మామయ్యగారు ఏప్రిల్ చివర తిరిగి వెళ్ళారు. వెళ్ళే ముందురోజు కత్తెర తీసుకుని కుండీ దగ్గరికి వెళ్తుంటే నా గుండె ఝల్లుమంది. జానెడు కొమ్మలు మూడు కత్తిరించి, కింది ఆకులు తుంచేసి, తడి ఇసకలో గుచ్చి వంటింటి కిటికీలో పెట్టారు. "చలికి పెద్దది పోయినా వీటిల్లో ఒకటి దక్కుతుంది. మా అమ్మ ఇలాగే చేసేది, మల్లెకి" అన్నారు. తుంచిన ఆకులు చేతిలో పెట్టుకుని ఒక్క క్షణం చూసి, నా వైపు చూసి, చెత్తబుట్టలో వేశారు.

జూలైలో ఫోన్ చేసినప్పుడు షుగరు ఎంతుందో నేనడిగేలోగా ఆయనే అడిగారు, "బతికాయా అమ్మా?" అని. రెండు వేరు పోశాయి.